స్కాన్ మెరుగైంది, మనిషి కుంగిపోయింది: ఆపరేషన్‌కి వీలుకాని పెద్దపేగు క్యాన్సర్‌లో ఒక కేసు

నేపథ్యం

యాభై దాటిన మహిళ. వృత్తి బట్టలు కుట్టడం. కుట్టడం కన్నా కటింగ్‌లో ఆమె చెయ్యి గట్టిదని ఇంట్లోవాళ్ల మాట. భర్త, ఉద్యోగం చేసుకునే కొడుకు, ఆమె దగ్గరే పని నేర్చుకుంటున్న మేనకోడలు. మనిషిని గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాం, వైద్యం సంగతులు మాత్రం మార్చలేదు.

కొన్ని నెలలు మలబద్ధకం, మధ్యమధ్య రక్తం పడటం. కొలనోస్కోపీలో పెద్దపేగు చివరి వంపైన సిగ్మాయిడ్ భాగంలో గడ్డ బయటపడింది. బయాప్సీలో అడినోకార్సినోమా, అంటే గ్రంథి కణాల్లో పుట్టే క్యాన్సర్ అని తేలింది. సీటీలో కాలేయం రెండు వైపులా చాలా మచ్చలు, పొట్ట లోపలి పొర అయిన పెరిటోనియం మీద కూడా చిన్నచిన్న గడ్డలు. కాలేయంలో గడ్డలు కోసి తీయాలంటే మిగిలే భాగం ఆరోగ్యంగా ఉన్న కాలేయంలోనైతే కనీసం 20 శాతం, కీమోతో అలసిన కాలేయంలోనైతే 30 శాతం దాకా ఉండాలి. ఆ మిగిలిన భాగానికి రక్తం వచ్చే దారి, పోయే దారి, పైత్యరసం దిగే గొట్టం చెక్కుచెదరకుండా ఉండాలి. ఈమె కాలేయంలో మచ్చలు లేని భాగం (సెగ్మెంట్) అంటూ దొరకలేదు, పైగా పెరిటోనియంలోనూ జబ్బు ఉంది. అందుకే సర్జన్లు, ఆంకాలజిస్టులు, రేడియాలజిస్టులు కలిసి కూర్చునే ట్యూమర్ బోర్డులో ఆపరేషన్ వద్దనుకున్నారు.

జన్యు పరీక్షలో కేఆర్‌ఏఎస్ అనే జన్యువులో మార్పు ఉంది. కాబట్టి క్యాన్సర్ కణాలకు గురిపెట్టి ఇచ్చే సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ పనిచేయవు. బీరాఫ్ అనే మరో జన్యువు మామూలుగా ఉంది. డీఎన్‌ఏ నకలులో తప్పులు సరిదిద్దే మిస్‌మ్యాచ్ రిపేర్ ప్రోటీన్లు సక్రమంగా ఉన్నాయి, అంటే రోగనిరోధక శక్తిని జబ్బు మీదికి ఉసిగొల్పే ఇమ్యూనోథెరపీకి స్పందించే రకం కూడా కాదు. మిగిలిన దారి కీమో. రెండు వారాలకొక విడత (సైకిల్) చొప్పున ఫాల్‌ఫాక్స్ అనే మందుల కలయిక: ఒంటి ఉపరితలం చదరపు మీటరుకు ఆక్సాలిప్లాటిన్ 85 మి.గ్రా., ల్యూకోవోరిన్ 400, ఫ్లోరోయురాసిల్ 400 మి.గ్రా. ఒక్కసారిగా, ఆపైన 2,400 మి.గ్రా. పంపు ద్వారా 46 గంటలు. దానితోపాటు గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే బెవాసిజుమాబ్ కిలోకు 5 మి.గ్రా.

పేగులో ఉన్న అసలు గడ్డనైనా తీసేయమని కుటుంబం గట్టిగా అడిగింది. అడగడంలో తప్పులేదు, ఎవరికైనా అదే తోస్తుంది. అయితే పేగు మూసుకుపోలేదు, రక్తస్రావం ఆగిపోయింది. ఇలాంటివారిలో ముందు అసలు గడ్డ తీసి తర్వాత కీమో ఇస్తే ఆయుష్షు పెరగదని 2021లో వెలువడిన జపాన్ ట్రయల్ తేల్చింది. పైగా కోత మానేదాకా కీమో ఆగాలి, ఆ వారాల్లో కాలేయంలోని జబ్బు మాత్రం ఆగదు. ఈ కారణాలన్నీ భర్తకు, కొడుక్కి చెప్పారు. ఆమెకు చేరిన మాట ఒక్కటే: ‘ఇప్పుడు కాదు, గడ్డలు తగ్గాక చూద్దాం.’

మా దగ్గరికి ఎలా వచ్చింది

నాలుగు సైకిళ్లయ్యాక సీటీ తీశారు. గడ్డలు దాదాపు మూడో వంతు తగ్గాయి, రక్తంలో ఈ జబ్బు తీరును సూచించే సీఈఏ కూడా బాగా దిగింది. కేసు మళ్లీ బోర్డుకు వెళ్లింది. జబ్బు తగ్గినా అది ఉన్న చోట్లు మారలేదు కనుక జవాబూ మారలేదు. ఇంట్లోవాళ్లు ఫలితం బాగుందని సంతోషించారు. ఆమె మాత్రం అయిదో సైకిల్ వద్దని, మంచం దిగడం మానేసింది. ‘తగ్గినా కొయ్యరు, తగ్గకపోయినా కొయ్యరు. ఇంక ఈ సూదులెందుకు?’ అంది. ‘కీమో నిరాకరణ, కౌన్సెలింగ్ అవసరం’ అన్న చీటీతో, నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే మా పాలియేటివ్ విభాగానికి పంపారు.

ఆమె ఆశంతా ఆపరేషన్ అనే ఒకే కొక్కేనికి తగిలించి ఉంది. కొక్కెం ఊడింది కాబట్టి ఫలితం ఎంత బాగున్నా దాన్ని పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. ముదిరిన క్యాన్సర్లలో ఇది తరచూ జరుగుతుంది. అమెరికాలో 2012లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో, వ్యాపించిన పెద్దపేగు క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్నవారిలో 81 శాతం మంది ఆ కీమోతో జబ్బు నయమయ్యే అవకాశం దాదాపు లేదన్న సంగతి గ్రహించినట్టు జవాబివ్వలేదు.

ముందు విడదీసి చూసినవి

‘ఆశ పోయింది’ అన్న ఫిర్యాదు వెనక కనీసం నాలుగు వేర్వేరు సంగతులుండొచ్చు: అదుపులో లేని శారీరక బాధ, డిప్రెషన్, ‘నా వల్ల ఏమీ కాదు’ అన్న నిస్సహాయత, సహజమైన దుఃఖం. మొదటిదానికి మందుంది. రెండోదానికి మందు, మాట రెండూ కావాలి. మూడోదానికి పని కావాలి. నాలుగోదానికి పక్కన మనిషి కావాలి. వీటిని కలిపేసి కౌన్సెలింగ్ మొదలుపెడితే ఏదీ కుదరదు.

డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో స్కోరు 27కి 17. అయితే ఆ ప్రశ్నావళిలో నిద్ర, ఆకలి, నీరసం, మందకొడితనం గురించిన ప్రశ్నలకు కీమో ఒక్కటే చాలినన్ని మార్కులు వేయిస్తుంది. అందుకే మిగిలిన ప్రశ్నలు విడిగా చూశాం. దేనిమీదా ఇష్టం లేకపోవడం, ఇంటికి భారమయ్యానన్న అపరాధభావం రెండూ దాదాపు ప్రతిరోజూ ఉన్నాయి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగాం. పొద్దున లేవకపోతే బాగుండనిపిస్తుందట, తనంతట తాను ఏదైనా చేసుకోవాలన్న ఆలోచన మాత్రం లేదు. ఈ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని కొందరు జంకుతారు. అలా జరగదు, చాలామందికి అడిగాకే ఊపిరి తిరుగుతుంది. సోడియం, కాల్షియం, థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ చూశాం. మనసు కుంగిపోవడానికి కారణమయ్యేంత తేడా వాటిలో లేదు.

అసలు దారి చూపించింది మేనకోడలు రాసిన డైరీ. ఏ రోజు ఎలా ఉందో ఆ అమ్మాయి అప్పటికే రెండు ముక్కల్లో రాస్తూ వచ్చింది. రెండు సైకిళ్ల పేజీలు పక్కపక్కన పెడితే ఒక క్రమం కనబడింది. కీమో అయిన రెండు మూడు రోజులు రాత్రంతా నిద్ర లేదు, మాటలు ఎక్కువ. నాలుగు, అయిదు రోజుల్లో ఏడుపు, లేవలేనితనం. ఏడో రోజు నుంచి కొంచెం తేరుకోవడం. వాంతులకని డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పొద్దున 4, సాయంత్రం 4 మి.గ్రా. రాసి ఉంది. సాయంత్రం మోతాదు నిద్ర చెడగొడుతోంది, ఆ మందు ఆపిన మర్నాటి నుంచి మనసు, ఒళ్లు రెండూ జారిపోతున్నాయి. రోజు మోతాదు మొత్తాన్ని పొద్దున్నే ఒకేసారి వేసుకునేలా మార్చాం. నాలుగో రోజు కుంగుబాటు మందు దిగిపోవడం వల్ల వస్తుందని, రెండు రోజుల్లో పోతుందని ఆమెకూ ఇంట్లోవాళ్లకూ ముందే చెప్పాం. కారణం తెలిసిన ఏడుపుకి ఇంట్లో ఎవరూ బెంబేలెత్తరు.

యాంటీ డిప్రెసెంట్‌లో మిర్టాజపిన్ ఎంచుకున్నాం, రాత్రికి 7.5 మి.గ్రా., వారం తర్వాత 15. కీమో వల్ల వేళ్ల తిమ్మిరి ఉంది కదా, మరో యాంటీ డిప్రెసెంట్ అయిన డులాక్సెటీన్ ఎందుకు ఇవ్వలేదని అడగొచ్చు. ఆక్సాలిప్లాటిన్ తెచ్చే నొప్పితో కూడిన తిమ్మిరికి రుజువున్న మందు అదే. కానీ ఈమెకు నొప్పి తక్కువ, మొద్దుబారడం ఎక్కువ. అసలే తిండి తినని మనిషికి అది వికారం పెంచొచ్చు, కాలేయం ఇలా ఉన్నప్పుడు దాన్ని వాడటానికీ వెనకాడాలి. ఇంకో యాంటీ డిప్రెసెంట్ ఎసిటలోప్రామ్, వాంతుల మందు ఆండాన్‌సెట్రాన్ రెండూ ఈసీజీలో క్యూటీ వ్యవధిని పెంచేవే, అది మరీ పెరిగితే గుండె లయ తప్పొచ్చు. మిర్టాజపిన్‌తో నిద్ర, ఆకలి, వికారం మూడూ కలిసివస్తాయి. నిద్ర మొదటి వారంలోనే కుదురుకుంది. మనసు తేలికపడటానికి నెల దగ్గర దగ్గర పట్టింది.

పని చేయనివి

ధైర్యవచనాలు. ‘ఏం కాదమ్మా, నువ్వు ధైర్యంగా ఉండు’ అని కొడుకు అన్నప్పుడల్లా ఆమె గోడవైపు తిరిగేది. ఆ మాటతో ఆమె భయం గురించిన సంభాషణ అక్కడితో ముగిసిపోతుంది. పైగా ధైర్యం లేకపోవడం ఆమె తప్పన్నట్టు వినిపిస్తుంది. నాలుగో స్టేజీ నుంచి కోలుకున్నవారి కథలు ఫోన్లో చూపించడమూ ఇలాగే బెడిసికొట్టింది. వాళ్లలో ఎక్కువమందికి ఆపరేషన్ అయింది. ఆమె గమనించింది అదొక్కటే.

సహాయక బృందం. క్యాన్సర్ రోగులు కలిసి మాట్లాడుకునే సమావేశానికి పంపాం. అక్కడివారిలో చాలామంది వైద్యం ముగించుకుని మామూలు జీవితంలో పడుతున్నవారు. ‘అయిపోయాక’ అన్న మాట ప్రతి నోటా వచ్చింది. ఈమెకు ‘అయిపోవడం’ అంటూ లేదు. వచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. స్టేజీ చూడకుండా బృందాల్లో కలిపితే లాభం కన్నా నష్టమే ఎక్కువ.

దూరపు లక్ష్యం. ఏడాది తర్వాత జరగబోయే కుటుంబ వేడుకను చూపించి ‘దానికోసం ఉండాలి’ అని ఇంట్లో అందరూ అనుకున్నారు. దానివల్ల ప్రతి చిన్న జ్వరమూ, ప్రతి రక్తపరీక్షా ఆ తేదీకి పరీక్షగా మారాయి. దగ్గరపడే దూరం కాస్తా రోజూ కొలిచే భయమైంది.

అంకెలు చెప్పిన తీరు

ఆమెకు ఏమీ చెప్పొద్దని భర్త కోరారు. ఇలాంటప్పుడు వాదిస్తే తలుపు మూసుకుపోతుంది. చెబితే ఏమవుతుందని మీ భయం అని అడిగాం. ‘తిండి మానేస్తుంది’ అన్నారు. ఇప్పుడు తింటున్నారా అంటే జవాబు లేదు. ఆయనకు మేం ఇచ్చిన మాట రెండు భాగాలు: ఆమె అడగనిది మేం మీద రుద్దం, అడిగినదానికి అబద్ధం చెప్పం. దానికి ఒప్పుకున్నారు.

ఆమెను అడిగిన మొదటి ప్రశ్న, జబ్బు గురించి తనకు తెలిసింది చెప్పమని. రెండోది, ఇంకా ఎంతవరకు తెలుసుకోవాలని ఉందని. ‘తారీకు చెప్పొద్దు డాక్టర్ గారూ. ఎంత దూరం చూసుకోవచ్చో చెప్పండి’ అంది. ఇంతకన్నా స్పష్టమైన అనుమతి ఉండదు.

అప్పటికే కొడుకు అయిదేళ్ల మనుగడ శాతం ఎక్కడో చదివాడు. ఆ శాతం అయిదేళ్లకు పైబడి ముందు జబ్బు బయటపడినవారిది, రకరకాల జన్యువుల వారందరినీ కలిపినది. సగం మంది దాటే, సగం మంది దాటని ఒకే మధ్యస్థ అంకె చెప్పడం కూడా సరికాదు, విన్నవారు దాన్ని గడువుగానే లెక్కపెట్టుకుంటారు. ఆయుర్దాయ పరిశోధనల్లో కుదిరిన ఒక మోటు లెక్క ఉంది. మధ్యస్థ అంకెలో నాలుగో వంతులోపే పదిమందిలో ఒకరు పోతారు. సుమారు సగం మంది దానిలో సగానికీ రెట్టింపుకూ మధ్య ఉంటారు. పదిమందిలో ఒకరు మూడింతలు దాటతారు. ట్రయల్స్‌లో మధ్యస్థం రెండేళ్లు, ఆ పైన కనిపిస్తుంది. అయితే ట్రయల్స్‌లో చేరేవారు కాస్త గట్టిగా ఉన్నవారు. ఈమెకు పెరిటోనియం, కేఆర్‌ఏఎస్ రెండూ ప్రతికూలం. అందుకని 18 నెలలు మధ్యగా తీసుకున్నాం. చెప్పింది ఇలా: ‘మీలాంటి పదిమందిని తీసుకుంటే ఒకరికి నాలుగైదు నెలల్లోపే కష్టమవుతుంది. అయిదుగురు తొమ్మిది నెలల నుంచి మూడేళ్ల మధ్యలో ఉంటారు. ఒకరు నాలుగున్నరేళ్లు దాటతారు. మీరు ఏ చోట ఉంటారో ఇప్పుడు చెప్పలేం. ప్రతి స్కాన్‌కీ కొంచెం కొంచెం తెలుస్తుంది.’

చెప్పి ఊరుకున్నాం. ఇక్కడ మౌనాన్ని నింపడం పెద్ద ప్రలోభం. కాసేపటికి ఆమె అడిగింది, ‘అయితే మందు దేనికి?’ గడ్డలు పెరిగే వేగం తగ్గించడానికి, పేగు మూసుకోకుండా, కామెర్లు రాకుండా చూడటానికి, ఆ పదిమందిలో మిమ్మల్ని ఎక్కువ కాలం ఉండేవారి వైపుకి జరపడానికి అని చెప్పాం. ఆపరేషన్ లేకపోవడమంటే వైద్యం లేకపోవడం అనుకుందని అప్పుడే బయటపడింది. మూడు రోజుల తర్వాత అయిదో సైకిల్‌కి తనే తేదీ అడిగింది.

పని చేసింది: సైకిల్ క్యాలెండర్

మనస్తత్వవేత్త సీ.ఆర్. స్నైడర్ ఆశను మూడు భాగాలుగా విడదీశాడు: చేరాల్సిన చోటు, అక్కడికి దారులు, నడవగలనన్న నమ్మకం. ఈమెకు చేరాల్సిన చోటు ఒకటే ఉండేది, దానికి దారి ఒకటే, అదీ సర్జన్ చేతిలో. కాబట్టి స్కాన్‌తో సంబంధం లేని, తన చేతుల్లో ఉన్న లక్ష్యం కావాలి. అడగ్గా అడగ్గా తేలింది: ఆమె కటింగ్ కొలతలన్నీ తలలోనే ఉన్నాయి, ఎక్కడా రాసి లేవు. మేనకోడలికి సగమే వచ్చు.

పద్నాలుగు రోజుల సైకిల్‌ని గళ్ల కాగితం మీద వేశాం. 1 నుంచి 3 పంపు రోజులు, ఏ పనీ లేదు. 4, 5 దిగుడు రోజులు, ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. 6 విశ్రాంతి. 7 నుంచి 12 పని రోజులు. 13 రక్తపరీక్ష. పని రోజుల్లో ఒక్క నమూనా మాత్రమే: కాగితం మీద గీసి, కొలతలు రాసి, మేనకోడలి చేత ఒకసారి కత్తిరింపించాలి. రోజుకి 45 నిమిషాలు, పొద్దున పూట, తర్వాత పడుకోవాలి. ప్రతి లక్ష్యానికీ ఒక మెట్టు కింద ప్రత్యామ్నాయం ముందే రాసిపెట్టాం: గీయలేకపోతే చెప్పాలి, మేనకోడలు గీస్తుంది.

మొదటి విడతలో ఆత్రంగా అయిదో రోజునే కూర్చుంది. సుద్ద చేతిలోంచి జారిపోయి ఏడ్చి, అంతా మానేస్తానంది. క్యాలెండర్ తీసి ఆ గడి చూపించాం. ఎనిమిదో రోజున గీత పడింది.

ఇక చేతులు. ఆక్సాలిప్లాటిన్ తర్వాత కొన్ని రోజులు చల్లటి లోహం తాకితే కరెంటు షాక్‌లా జిల్లుమంటుంది, కత్తెర పట్టుకోవడమే కష్టం. పిడికి గుడ్డపీలిక చుట్టించాం, వాడేముందు గోరువెచ్చని గుడ్డలో పెట్టమన్నాం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుండుసూది ఉందో లేదో తెలియడం లేదు. అందుకని సూదులు మేనకోడలి పని, నేలమీద పడ్డవి అయస్కాంతంతో ఏరాలి, ఇస్త్రీపెట్టె ఆమె ముట్టుకోకూడదు. మొద్దుబారిన వేళ్లకు కాలినట్టు కూడా తెలియదు.

ఈ వేళ్లే కీమో నిర్ణయాన్నీ మార్చాయి. తిమ్మిరి అందిన మొత్తం మందును బట్టి పెరుగుతుంది. చదరపు మీటరుకు 800 మి.గ్రా. దగ్గరపడేసరికి చాలామందిలో రోజువారీ పనికి అడ్డొస్తుంది. ఆరు సైకిళ్లకు 510 అయింది. జబ్బు అదుపులో ఉన్నప్పుడు ఆక్సాలిప్లాటిన్ ఆపి తేలిక మందులతో కొనసాగించడం అంగీకృత పద్ధతే. అందుకు బాగా పరీక్షించిన జత కేపెసిటబిన్ మాత్రలు, బెవాసిజుమాబ్. పంపు గొడవ ఉండదు కనుక ఆంకాలజిస్టు మొగ్గు అటే ఉంది. కానీ రోజూ వేసుకునే కేపెసిటబిన్‌తో అరచేతులు ఎర్రబడి, పగిలి, మండటం ఎక్కువ. అరచేతులే ముఖ్యమైన మనిషికి పంపు ఇబ్బందే నయం. అందుకని పంపులో ఫ్లోరోయురాసిల్, బెవాసిజుమాబ్ కొనసాగించారు. ఆమెకు ఏది ముఖ్యమో ఫైలులో ఒక్క వాక్యంగా రాసి ఉండటం వల్లే ఈ నిర్ణయం అయిదు నిమిషాల్లో తేలింది.

సీఈఏ ప్రతి సైకిల్‌కీ చూడటం మాన్పించాం. కీమో మొదటి వారాల్లో జబ్బు తగ్గుతున్నా సీఈఏ తాత్కాలికంగా పెరగొచ్చు. ఆ కాగితం పట్టుకుని ఇల్లంతా వారం రోజులు నిద్రపోదు. సీటీ తీసిన రెండు రోజుల్లోపు, మనిషి ఎదురుగా, ముందే ఎంచుకున్న ఇద్దరి సమక్షంలోనే ఫలితం చెప్పేలా ఏర్పాటు చేశాం.

అదే సమయంలో చెడుకీ సిద్ధం చేశాం. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం వస్తే ఆ రాత్రే ఆసుపత్రికి. పొట్ట ఉబ్బి, గాలి పోక, వాంతులవుతుంటే విరేచనం మందు ఆపి వెంటనే ఫోన్. తను చెప్పలేని స్థితి వస్తే ఎవరి మాట చెల్లాలో ఆమె కొడుకు పేరు రాయించింది. భర్త మీద ఆ బరువు పెట్టనంది.

తర్వాతి దశ

పదకొండో నెలలో కాలేయంలో జబ్బు పెరిగింది. ఆక్సాలిప్లాటిన్ బదులు ఇరినోటెకాన్ ఉండే ఫాల్‌ఫిరికి మార్చి, బెవాసిజుమాబ్ కొనసాగించారు. ఈసారి ఆమె కుంగింది మూడు రోజులే. నాలుగో రోజు కొత్త మందు క్యాలెండర్ అడిగింది, గళ్లు మళ్లీ వేశాం. ఇరినోటెకాన్ విరేచనాలకు లోపెరమైడ్ మొదట 4 మి.గ్రా., తర్వాత రెండు గంటలకొకసారి 2 మి.గ్రా., పన్నెండు గంటలు విరేచనం లేకుండా గడిచేదాకా. ఇది గోడకు అంటించారు.

పద్నాలుగో నెలలో కుడి పక్కటెముకల కింద నొప్పి, భుజం దాకా. నమూనాలు ఆగిపోయాయి. కాలేయపు పొర సాగడం వల్ల వచ్చే నొప్పి అది. పొద్దున డెక్సామెథసోన్ 4 మి.గ్రా., నాలుగు గంటలకొకసారి మార్ఫిన్ 5 మి.గ్రా., మధ్యలో ఎగదన్నితే అదనంగా మరో 5. మార్ఫిన్ మలబద్ధకం తెస్తుంది కనుక మొదలైన రోజునే విరేచనం మందు సెన్నా కూడా. ఇసబ్‌గోల్ లాంటి పీచు మందులు వద్దన్నాం, ఇరుకైన పేగులో అవి గడ్డకట్టి అడ్డుపడొచ్చు. అయిదు రోజుల్లో మళ్లీ కాగితం ముందు కూర్చుంది. ఆ అయిదు రోజులూ ఆశ గురించి ఎవరూ ఆమెతో మాట్లాడలేదు, అవసరం రాలేదు.

పదిహేడో నెలలో జబ్బు మళ్లీ పెరిగింది, కామెర్లను చూపే బిలిరుబిన్ పెరగసాగింది, రోజులో ఎక్కువ భాగం మంచంలోనే. మూడో వరుసలో ట్రైఫ్లూరిడిన్-టిపిరాసిల్ అనే కీమో మాత్ర ఉంది. ఆ మందు మీద జరిగిన ట్రయల్స్ తమ పనులు తాము చేసుకోగలిగినవారిలోనే. ఈ స్థితిలో అది రక్తకణాలు తగ్గించి ఆసుపత్రి రోజులు పెంచుతుందే తప్ప మంచి రోజులు ఇవ్వదని చెప్పాం. ‘ఇంకోటి ఉందని నాకు తెలుసు. దానికి మంచి గడులు ఎన్ని వస్తాయి?’ అని అడిగింది. బహుశా ఏవీ రావన్నాం. వద్దంది. అప్పటినుంచి గడులు రోజుకి తగ్గాయి: పొద్దున స్నానం, సాయంత్రం వాకిట్లో కుర్చీ, మేనకోడలు కుట్టి తెచ్చినదానికి వంక పెట్టడం. పంతొమ్మిదో నెలలో ఇంట్లోనే, నొప్పి అదుపులో ఉండగా పోయింది. నమూనాల్లో రెండు మిగిలిపోయాయి.

నేర్చుకున్నవి

ఆశ లేదన్న ఫిర్యాదుతో వచ్చినప్పుడు మొదట మందుల చీటీ చదవాలి. ఈ కేసులో సాయంత్రపు డెక్సామెథసోన్ మార్చడంతో కలిగిన మేలు మొదటి నెలలో మరే సంభాషణతోనూ కలగలేదు.

నిజం చెప్పడం ఆమెను కుంగదీయలేదు. చెప్పిన రూపమే తేడా తెచ్చింది: అడిగాక, అడిగినంత, ఒకే అంకెగా కాకుండా విస్తృతిగా. ‘తగ్గాక చూద్దాం’ అన్న మాట ఆపరేషన్ అవకాశం నిజంగా ఉన్నవారికే వాడాలి. ఊరట కోసం వాడితే తర్వాత వచ్చే మంచి స్కాన్‌ను కూడా అది చెడగొడుతుంది.

లక్ష్యం స్కాన్ మీద ఆధారపడకూడదు, మంచి రోజుల్లోకి ఒదగాలి, కింది మెట్టు ముందే రాసి ఉండాలి. ఈ మూడింటిలో చివరిది చాలామంది వదిలేస్తారు, రోగులు ఎక్కువగా వాడుకునేది అదే.

ఈ పద్ధతి అందరికీ అతకదు. ఈమె చేతిపని మనిషి, నేర్చుకునే మేనకోడలు పక్కనే ఉంది. తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవారికి లక్ష్యాల కాగితం ముందే ఇస్తే అది మరో వైఫల్యాల పట్టిక అవుతుంది. ముందు మందు పట్టాలి. జీవితమంతా పనే చేసి అలిసిపోయి, ఇప్పుడైనా ఊరికే ఉండనివ్వమనేవారూ ఉంటారు. వారికి క్యాలెండర్‌లో కీమో రోజులు, దిగుడు రోజులు మాత్రం గుర్తుపెట్టి, మిగిలిన గడులు ఖాళీగా వదిలేస్తున్నాం.